ఏనుగు మెడ తిరగని రోజులు

పోయిన నెల మా అన్నయ్య కూతురు కొత్త కారు కొని, ఇంటికి తెచ్చిన మొదటి రోజునే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గరియాహాట్ దాకా తిప్పి తీసుకొచ్చింది. ఆ పిల్ల రెండు వేళ్లతో చక్రం తిప్పుతుంటే బండి మాట వినే గుర్రంలా మలుపు తిరిగింది. ఇంజిను చప్పుడైనా లేదు. ముందు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి కదా, ఈ కాలం పిల్లకి ఇంకా ఇవి గుర్తున్నాయని సంతోషపడి చేత్తో పట్టుకుని చూద్దును కదా, ప్లాస్టిక్కు. అసలైనవి కుళ్లి సీటు మీద కారుతాయత్తా, ఇవైతే కడుక్కోవచ్చు అంది. తిరిగొచ్చే దారి పొడుగునా నాకు మా పాత బండీ, దాని పవర్ స్టీరింగూ, మా అత్తగారూ ఒకరి వెనక ఒకరు గుర్తొస్తూనే ఉన్నారు. నా ఈడు వాళ్లు, ముఖ్యంగా ఇంటికొక పెద్ద బండిని ఇంటి మనిషిలా పోషించిన వాళ్లు, ఇది చదివి నవ్వుకుంటారని రాస్తున్నాను. మా ఇంట్లో ఈ కథ ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. నేను లెక్కల సెక్షనులో ఉద్యోగం చేసినదాన్ని, తేదీలూ వరసలూ తప్పితే నాకు నిద్రపట్టదు కనక, ఉన్నదున్నట్టు చెప్పే భారం నా మీదే పడింది.

మావారిది కలకత్తాలో రైల్వే ఉద్యోగం. గార్డెన్ రీచ్‌లో క్వార్టర్సు వదిలాక బెహాలాలో ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. ఆ పెద్ద బండి మాత్రం అంతకుముందే, 1998లో, క్వార్టర్సులో ఉండగానే వచ్చింది. ఎనిమిది మంది కూర్చోవచ్చు, వెనక డిక్కీలో పెళ్లి సామాను పట్టేది. ఊళ్లో ఏ తెలుగువాళ్ల ఇంటికి చుట్టాలొచ్చినా హౌరా స్టేషనుకో షాలిమార్‌కో మా బండే వెళ్లాలి. బూడిదరంగూ, ఆ నడకా చూసి పిల్లలు దానికి ఏనుగని పేరు పెట్టారు. మా మెట్ల దగ్గర కూర్చునే దర్వాను కూడా ఇంకో మాట లేకుండా హాతీ అనేవాడు. మావారు ఆదివారం పొద్దున్న దాన్ని తుడిచే తీరు చూస్తే, మావటి కూడా ఏనుగుని అంత ప్రేమగా తోమడనిపించేది.

2005లో మావారికి కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. ఇక బండి నడపొద్దని డాక్టరు అన్న రోజు సాయంత్రం మా ఇంట్లో ఎవరో పోయినంత పని అయింది. డ్రైవరుని పెడదామంటే ఆయనకి ససేమిరా ఇష్టం లేదు, ఏనుగు మీద పరాయి చెయ్యి పడకూడదు. అప్పుడు నేను నేర్చుకుంటానన్నాను. నాకు యాభై దాటాయి, ఎత్తు చూస్తే ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. మావారు నన్నొకసారీ బండినొకసారీ చూసి, సరే మెత్త వేసుకో అన్నారు.

నేను డ్రైవింగు నేర్చుకున్నది బందుల పుణ్యమా అని. ఆ రోజుల్లో బందు లేని నెల ఉండేది కాదు. ఒకసారి వీళ్ల బందు, ఒకసారి వాళ్ల బందు. పెద్ద రోడ్ల మీద పిల్లలు క్రికెట్టు ఆడుకునేవారు. జెండాల వాళ్లు రాని కాలనీ లోపలి సందుల్లో పొద్దున్న పూట మావారు ఎడమ పక్క కూర్చుని, ఎడమ చేత్తో గాల్లో గేర్లు వేస్తూ నాకు పాఠం చెప్పేవారు. ఇంటిదగ్గర ఇరవై ఏడేళ్లలో నన్ను ఒక్క మాట అనని మనిషి, ఆ సీట్లో కూర్చుంటే అనని మాట లేదు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి నేను ఏనుగుని రెండో హుగ్లీ వంతెన ఎక్కించి, అవతల షాలిమార్ రైల్వే క్వార్టర్సులో ఉన్న మా ఆడపడుచు గుమ్మంలో ఆపగలిగాను. ప్రతి ఆదివారం అక్కడ భోజనం, వారంలో రెండు సాయంత్రాలు మావారిని భుజానికి వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్లడం. అన్నేళ్లు ఎవరో తీసుకెళ్తే వెళ్లిన నేను, తాళంచెవి నా కొంగుకి కట్టుకుని తిరగడంలో ఎంత సుఖం ఉందో ఎవరికి చెప్పినా చిన్నమాటే అవుతుంది.

ఇదంతా పవర్ స్టీరింగు ఉండబట్టే. అది పనిచేస్తున్నంతసేపు ఏనుగు మెడని చిటికెన వేలితో తిప్పొచ్చు. దానికి ఒక నూనె పంపూ, ఆ పంపుని తిప్పడానికి ఇంజిను పక్కన వేరే ఒక బెల్టూ ఉండేవి. ఆ బెల్టు జారిందా, ఇంజిను నడుస్తూనే ఉంటుంది, బండి కదులుతూనే ఉంటుంది, చక్రం మాత్రం రోలులా బిగుసుకుపోతుంది. బండికి వయసు మీదపడ్డాక ఒకసారి నూనె గొట్టం కారితే మార్పించాం. అది ముసలితనపు జబ్బు, దానికి వింతేమీ లేదు. నేను చెప్పబోయేది ఆ తరవాతి సంగతి.

మా అత్తగారు టెక్కలి పక్క పల్లెటూరి మనిషి. మావగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి కారు పడదు, ఎక్కి వీధి మలుపు తిరిగేలోగా కడుపులో తిప్పి వాంతి. అందుకని కలకత్తా వచ్చిన ఇన్నేళ్లలో రిక్షాలో కాళీగుడికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. కూతురే ఆదివారాలు ఇటు రావడం మానేసి మమ్మల్ని అటు రమ్మంటోందని ఒక చిన్న సణుగుడు. రోజంతా బాల్కనీలో మోడా అనే వెదురు పీట వేసుకుని కూర్చుని, కిందనున్న గ్యారేజీ వాళ్లు చేసే పనులన్నీ చూసి, వాళ్ల భాష రాకపోయినా వాళ్ల కుటుంబాల సంగతులన్నీ తెలుసుకునేవారు.

2007 సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు ఆ గ్యారేజీ మిస్త్రీ మా ఏనుగుని కూడా కడిగి, దండ వేసి, బానెట్టు ఎత్తి ఇంజినుకి సిందూరం పెట్టి, రెండు పూలు లోపల పెట్టాడు. ఆ ఊళ్లో ఏ బండికైనా ఆ రోజు అంతే. మా అత్తగారు మోడా మీంచి లేచి నిలబడి మరీ చూశారు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

అది జరిగిన కొన్ని వారాలకి, మహాలయ మర్నాడు, మావారిని వ్యాయామానికి తీసుకెళ్తుంటే మొదటిసారి మెడ బిగిసింది. ముందు బానెట్టు లోంచి కీచుమని ఒక అరుపు, ఆ తరవాత టపటపమని ఏదో కొట్టుకున్న చప్పుడు, ఆ తరవాత నా చేతిలో రాయి. అదృష్టవశాత్తూ ఇంటికి దగ్గర్లోనే ఉన్నాం. కిందామీదా పడి ఒక పక్కకి చేర్చి మిస్త్రీని పిలిపించాం. ఆయన బానెట్టు ఎత్తి చూసి, పంపు బెల్టు అంచులు ఊడి కప్పీ మీంచి జారిపోయిందని చెప్పి, లోపల చెయ్యి పెట్టి నాలుగు పసుపుపచ్చ గుడ్డ పీలికలూ, రెండు ఆవగింజలూ తీసి అరచేతిలో పెట్టి నాకు చూపించాడు.

“ఇందుర్, బౌది! బొడో ఇందుర్!”

ఎలుక, వదినగారూ, పెద్ద ఎలుక అని. కలకత్తా ఎలుకల గురించి తెలిసినవాళ్లెవరూ ఆ మాటని అనుమానించరు. మా వీధిలోని ఎలుకల్ని చూసి పిల్లులు దారి ఇచ్చేవి. బెల్టు మార్పించి, ఎలుక మీద యుద్ధం మొదలుపెట్టాం. మావారు బానెట్టులో నాఫ్తలీను ఉండలు పెట్టారు. మిస్త్రీ పొగాకు కాడలు పెట్టాడు. నేను బోను పెట్టించాను, అందులో పక్కింటి వాళ్ల పిల్లికూన పడింది. మా అత్తగారు మాత్రం ఈ హడావిడి చూస్తూ, ఎలకలు గణపతివి, వాటి జోలికి ఎళ్లకండర్రా అని ఊరుకున్నారు.

రెండోసారి కాళీపూజ మర్నాడు. ఆదివారం కాకపోయినా ఆడపడుచు ఇంట్లో ఏదో పనుండి వెళ్లి, ఖిదిర్‌పూర్ మీదుగా తిరిగొస్తున్నాం. ఒక సందులోకి తిరగబోతుంటే అదే కీచురాయి అరుపు. చక్రం సగం తిరిగి ఆగిపోయింది. ఏనుగు సందుకి అడ్డంగా నిలబడింది. సరిగ్గా అదే సమయానికి ఎదురుగా ఒక లారీ, దాని మీద నాలుక చాచిన నిలువెత్తు అమ్మవారు, చుట్టూ నిమజ్జనానికి వెళ్లే కుర్రకారు, ఢాకు వాద్యాలు. ఆ లారీ మా వైపే వెనక్కి వెనక్కి వస్తోంది. లారీ డ్రైవరుకి మేము కనపడటం లేదు. నేను హారను కొడుతుంటే ఢాకుల వాళ్లు అది కూడా తమ వాద్యంలో కలిపి ఇంకా ఉత్సాహంగా వాయించారు. మావారు ఎడమ చేత్తో చక్రం ఒక పక్క పట్టుకుని, నేను రెండు చేతులతో ఇంకో పక్క పట్టుకుని, ఇద్దరం నూతిలోంచి బాన లాగినట్టు లాగాం. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి అంత బలంగా చేసిన పని ఇంకొకటి లేదు. ఏనుగు మూలిగి, మెడ తిప్పి, గోడకి జానెడు దూరంలో ఆగింది. అమ్మవారు మా అద్దం పక్కనించి వెళ్లిపోయింది. మావారు తరవాత చుట్టాలకి చెప్పినప్పుడు అద్దం పగిలిందని చెప్పేవారు. పగల్లేదు, గీత కూడా పడలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన, ఇంకొక్కసారి ఇలా అయితే ఏనుగుని అమ్మేస్తానని, అమ్మాక ఇంకో బండి కొనేది లేదని చెప్పారు. నా మీద కోపంతో కాదు. నాకేమైనా అవుతుందన్న భయంతో. పందిళ్లు వేసే డెకరేటరు ఒకాయన వెదుళ్లు మోయించుకోడానికి ఎప్పటినుంచో అడుగుతున్నాడు. నేను పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాను. బండి పోతే పోయింది, అది ముసలిదే. నా కొంగుకున్న తాళంచెవి పోతుంది. మళ్లీ ఎవరు తీసుకెళ్తారా అని తయారై కూర్చునే రోజులొస్తాయి. యాభై దాటాక దొరికిన వస్తువు, అందుకే అంత దిగులేసింది.

మూడోసారి మెడ బిగిసింది డిసెంబరులో. ఆ రోజు బండిలో నేనొక్కదాన్నే ఉన్నాను, బజారునుంచి వస్తున్నాను. గ్యారేజీ ఎదురుగానే అయింది కాబట్టి, ఇంతవరకూ నేను మావారి దగ్గర దాచిన ఒకే ఒక్క విషయంగా అది రెండు రోజులపాటు ఉండిపోయింది. మిస్త్రీ మళ్లీ పసుపు పీలికలు తీసి, ఈ ఎలుకకి పసుపంటే ఇష్టమల్లే ఉంది బౌదీ అన్నాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం కూర తరుగుదామని కూర్చుని ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుంటే, నిన్నటివి నిన్నలాగే ఉన్నాయి. నిన్న ఎందుకు తరగలేదు? నిన్న అమావాస్య, మావారు మావగారికి తర్పణం వదిలే రోజు, ఇంట్లో ఉల్లి ఉండదు, రాత్రికి అత్తగారికి ఉప్పుపిండి. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. మహాలయ అమావాస్య. కాళీపూజ అమావాస్య. అమావాస్యనాడు ప్రయాణం కూడదని మా అత్తగారు బండి కదలనిచ్చేవారు కాదు కనక, ప్రతిసారీ మర్నాడు నేను బండి తీశాను, తీసిన రోజే మెడ బిగిసింది. మధ్యలో అన్ని ఆదివారాలు నిక్షేపంలా నడిచింది. తిథి చూసి గుడ్డలు కొరికే ఎలుక ఎక్కడా ఉండదు.

మావారికి చెప్పక తప్పలేదు, దాచిన సంగతితో సహా చెప్పాను. బండి పాడైన ప్రతిసారీ ముందురోజు మా ఇంట్లో ఉల్లిపాయ తరగలేదండీ అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. “అంటే ఏటి, మనం ఉల్లిపాయ తినకపోతే దానికి స్టీరింగు తిరగదంటావా? ఈ పాఠం మాకు రైల్వేలో చెప్పలేదు మరి.”

నవ్వితే నవ్వారు, డెకరేటరుకి కబురు పెట్టడం మాత్రం వచ్చే అమావాస్య దాకా ఆపుతానన్నారు. నాకు కావలసింది అదే.

ఆ వచ్చే అమావాస్యనాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందు, అత్తగారి గదిలో మంచం ఖాళీగా ఉంది. బాల్కనీలో మోడా లేదు. కిందకి తొంగి చూస్తే, మా ఏనుగు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దర్వాను బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు. మోడా మీద ఎక్కి నిలబడి, చీర కుచ్చిళ్లు దోపి, డెబ్బై ఎనిమిదేళ్ల మా అత్తగారు ఇంజినులోకి వొంగి ఏదో ముడి వేస్తున్నారు.

నేను మెట్లు దిగి వెళ్లేసరికి ముడి పడిపోయింది. పసుపులో తడిపిన కొత్త గుడ్డ మూట, అందులో రాళ్లుప్పు, ఆవాలు, గుప్పెడు బియ్యం. దాని కింద దారానికి గుచ్చిన నిమ్మకాయా, మిరపకాయలూ. వెతికి వెతికి స్టీరింగు పంపు గొట్టానికే కట్టారు, ఆ కొస బెల్టు మీదికే వేలాడుతోంది. ఇంజిను ఒక పది నిమిషాలు అదిరితే చాలు, బెల్టు దాన్ని నోట కరుచుకుంటుంది. నన్ను చూసి ఆవిడేమీ కంగారు పడలేదు.

“ఏటలా సూస్తన్నావు? ముందర కడితే ఎవుడో తెంపుకు పోతన్నాడు. ఈ ఊరోల్లు ఇంజినుకి కదా పూజ సేస్తారు, నాను సూసేను కదా. ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి పద్ధతి.”

విశ్వకర్మ పూజనాడు ఆవిడ మోడా మీంచి లేచి చూసింది ఇందుకన్నమాట. అంతకుముందు రెండేళ్లూ బంపరు కింద కట్టేవారట, మాకెవరికీ తెలీదు. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఉడుకుమోత్తనమూ వచ్చింది. మీ అబ్బాయి నడిపినప్పుడు ఏడేళ్లలో ఒక్కసారి కట్టారా అత్తయ్యా, నేను పట్టుకోగానే దిష్టి మూటలు కావలసి వచ్చాయా, నా చేతి మీద అంత నమ్మకం లేదా అన్నాను.

ఆవిడ మోడా దిగడానికి నా భుజం పట్టుకున్నారు. “ఆడికెవుడు దిష్టి పెడతాడే? ఆ బండి మగోడు తోల్తే ఎవుడైనా తిరిగి సూస్తాడా? నువ్వు బొట్టెడు మనిసివి, ఏనుగునెక్కి ఎల్తంటే ఈదంతా నిలబడి సూస్తంది. నాను పైనుంచి సూస్తన్నాను కదా. నాకు కడుపులో తిప్పకపోతే నీ పక్కనే కూకుందును. కూకోలేక మూట కట్టేను.”

నేను చక్రం తిప్పుకుంటూ వెళ్లే ప్రతిసారీ ఆవిడ బాల్కనీలోంచి చూస్తున్నారని నాకు తెలుసు. చూడ్డం ఇలాగని తెలీదు. దర్వాను అప్పటికీ బానెట్టు పట్టుకునే ఉన్నాడు పాపం, దించొచ్చా మాతాజీ అని అడిగాడు.

ఎలుక ఎవరో తెలిశాక మావారు సోఫాలో పడి నవ్వారు. ఆ తరవాత తల్లిని కూర్చోబెట్టి, అమ్మా, నువ్వు కట్టిన మూట వల్లే బండి మొరాయిస్తోంది, ఆ రోజు ఖిదిర్‌పూర్‌లో జరిగింది కూడా అందువల్లే అని మెల్లిగా చెప్పారు. ఆవిడ ముఖం తెల్లబోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మూట మానేయండంటే మానరు, అది లేకుండా నన్ను పంపించరు. బయట కడితే ఉండదు, లోపల కడితే మెడ తిరగదు. డిక్కీలో పెడదామని మావారన్నారు, బండికి వెనక పెడితే దిష్టి వెనకవాళ్లకి తగులుతుంది గాని కోడలికేటి ఉపయోగం అన్నారావిడ. సీటు మీద పెడతానంటే, నువ్వు గేరు మారుస్తావా, మూట సూస్తావా అన్నారు.

ఆ ఆదివారం షాలిమార్‌కి బయల్దేరబోతుంటే, మా అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, మూట కొంగులో పెట్టుకుని బండి దగ్గర నిలబడి ఉన్నారు. మావారిని వెనక్కి వెళ్లమని, ముందు సీట్లో ఆవిడ కూర్చున్నారు. మూట ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద వేసుకున్నారు. నేను వెనక అద్దంలో మావారిని చూశాను, ఆయన ఒక ప్లాస్టిక్ సంచీ తెరిచి సిద్ధంగా పట్టుకున్నారు.

సంచీ అవసరం రాలేదు. వీధి మలుపులో ఆవిడ ముఖం నల్లబడింది, మూటకున్న నిమ్మకాయని గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వంతెన ఎక్కేదాకా అలాగే వాసన చూస్తూ కూర్చుని, పైకి ఎక్కాక మాత్రం చెయ్యి దించి, కింద గంగనీ పడవల్నీ చూసి, ఒలమ్మ, ఇంత నీరే అన్నారు. కలకత్తా వచ్చి తొమ్మిదేళ్లయింది, అప్పుడు చూశారావిడ గంగని వంతెన మీంచి. ఆడపడుచు గుమ్మంలో బండి ఆపితే, ముందు సీట్లోంచి తల్లి దిగడం చూసి తను గరిటె చేత్తో అలాగే నిలబడిపోయింది. ఆ రోజు అక్కడ ఎవరేం తిన్నామో చెప్పమంటే నాకు చెప్పడం రాదు, అంత సందడి.

ఏనుగుని డెకరేటరుకి అమ్మలేదు. ఆ తరవాత దాని మెడ మళ్లీ బిగుసుకోలేదా అంటే, రెండుసార్లు బిగిసింది, ముసలితనం వల్ల. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ, అంటే 2011 వేసవి దాకా, నేను ఎక్కడికి వెళ్లినా ఆ పక్కసీటు ఆవిడదే. కూరలకి వెళ్లినా మూటతో సహా వచ్చేవారు. బస్సులవాళ్లని తిట్టేవారు, ట్రాఫిక్కు పోలీసులకి చెయ్యెత్తి దండం పెట్టేవారు, నేను కొంచెం తొందరపడితే మూటని గట్టిగా పట్టుకునేవారు. ఆ వేళ్లు బిగియడం చూసి వేగం తగ్గించేదాన్ని. ఆవిడ పోయాక ఆ సీటు ఖాళీగా పెట్టుకుని ఒక ఏడాది నడిపాను. తరవాత నా కళ్లు సహకరించక, బండి ఇచ్చేశాం.

ఇప్పటి బండ్లకి బెల్టు జారడం, నూనె కారడం అన్నవి లేవట, అంతా కరెంటేనట. అడ్డొస్తే అదే ఆగుతుందిట, పక్కకి పోతే అదే అరుస్తుందిట. మంచిదే, ఇన్ని ఉంటే ఆ రోజు ఖిదిర్‌పూర్‌లో నా గుండె అంత కొట్టుకునేది కాదు. మా అన్నయ్య కూతురు ఒక్కతే ఆఫీసుకి వెళ్లి ఒక్కతే వస్తుంది, భయపడుతూ పక్కన కూర్చునేవాళ్ల అవసరం ఆ పిల్లకి లేదు. పోయిన నెల గరియాహాట్ నుంచి వస్తూ ఒక మినీబస్సుని దాటబోతూ ఆ పిల్ల టక్కున నా వైపు చూసి వేగం తగ్గించింది. ఎందుకా అని కిందికి చూసుకుంటే, ఒళ్లో ఉన్న నా చేతిసంచీని నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాను.